పాత రంపం కొన్నాను, పారేయాలా?

ఓరెగన్‌లో పోర్ట్‌లాండ్ పక్కనున్న హిల్స్‌బరో నుంచి ఒక తమ్ముడు రాశాడు: "అన్నా, ఇల్లు కొని ఆరు నెలలైంది. మొన్న మా వీధి చివర, ఒక ఇంట్లో సామానంతా అమ్మేసే ఎస్టేట్ సేల్‌లో నీలం రంగు పాత చెయిన్ సా ఒకటి 30 డాలర్లకు కనిపించింది. ఎందుకో వదలబుద్ధి కాలేదు, కొనేశాను. మీద హోమ్‌లైట్ ఎక్స్‌ఎల్-12 అని ఉంది. తాడు లాగితే తిరుగుతోంది కానీ స్టార్టవడం లేదు. మా ఆవిడ పారేయమంటోంది. ఏం చేయమంటావు?"

పారేయకు తమ్ముడూ. అలాగని ఈ రాత్రికే స్టార్ట్ చేసేయాలని తాడు తెగేలా లాగకు.

నీ చేతికి వచ్చినది మంచి రంపం. ఎక్స్‌ఎల్-12 1963లో వచ్చింది. బారు (గొలుసు చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ), గొలుసు తీసేస్తే 12 పౌండ్లు, అంటే అయిదున్నర కిలోలు. ఆ మాట విలువ తెలియాలంటే అంతకు ముందరి సంగతి తెలియాలి. 1949లో మెకలక్ కంపెనీ 3-25 అనే రంపం తెస్తే, 25 పౌండ్లకే వచ్చిందని అందరూ దాన్ని తేలిక రంపమన్నారు. అంతకు ముందు చాలావాటిని ఇద్దరు మనుషులు చెరోవైపు పట్టుకోవాల్సి వచ్చేది. మన కలప అడితుల్లో ఇద్దరు కూర్చుని లాగే రంపం గుర్తుంది కదా, దానికే ఇంజను తగిలించినట్టు అనుకో. ఎక్స్‌ఎల్-12 లక్షణం ఏమిటంటే చాలా ఏళ్ళు చేశారు, చాలా అమ్మారు. కాబట్టి సామాన్లు ఇప్పటికీ దొరుకుతాయి. మొదటిసారి బాగుచేసేవాడికి ఇంతకంటే కావలసింది లేదు.

నువ్వు ఇల్లు కొన్న చోటు కూడా మామూలుది కాదు. 1946లో ఓరెగన్‌లో జో కాక్స్ అనే ఆయన కట్టెలు కొడుతూ, మొద్దులో ఒక పురుగు కలపను అటూ ఇటూ కొరుక్కుంటూ పోవడం చూశాడు. అప్పటి గొలుసు పళ్ళు చెక్కను గీకేవి, మాటిమాటికీ ఆకురాయి పట్టాల్సొచ్చేది. పురుగు దవడ 'సి' అక్షరంలా వంగి ఉండటం గమనించి, పోర్ట్‌లాండ్‌లో తన ఇంటి నేలమాళిగలో అదే ఆకారంలో ఉక్కు పళ్ళు చేశాడు. 1947లో గొలుసుల కంపెనీ పెట్టాడు. ఇవాళ నీ రంపానికి ఏ కొత్త గొలుసు కొన్నా ఆ పన్ను వంపులో ఆ పురుగే ఉంది. నాకు ఈ కథ తెలిశాకే ఈ పిచ్చి పట్టింది. సీసైడ్ బీచికి 26వ హైవే మీద వెళ్ళేటప్పుడు ఎల్సీ అనే ఊరి దగ్గర క్యాంప్ 18 అనే హోటల్ ఉంది, పాత అడవి కోత యంత్రాలను ఆరుబయటే పెట్టారు. పిల్లలను తీసుకుని ఒక ఆదివారం వెళ్ళిరా.

ఇక పని. మీ నాన్నగారికో మావయ్యకో బజాజ్ చేతక్ ఉండేదా? పొద్దున్నే స్కూటర్ పక్కకి వంచి, ప్లగ్గు విప్పి, ఉప్పుకాగితంతో రుద్ది, నోటితో ఊది పెట్టేవారే, నీ రంపం అదే జాతి. టూ-స్ట్రోక్. గాలి, పెట్రోలు, నిప్పు, బోరులో (అంటే సిలిండర్‌లో) ఒత్తిడి, ఈ నాలుగూ ఉంటే పలకక తప్పదు. కాబట్టి లేనిదేదో వెతకాలి.

బోరుతో మొదలుపెట్టు. సైలెన్సర్ విప్పితే ఆ రంధ్రంలోంచి పిస్టన్ కనిపిస్తుంది, టార్చి వేసి చూడు. నిలువు గీతలు లోతుగా పడి ఉంటే ఎప్పుడో నూనె లేకుండా నడిపి పట్టేయించారని అర్థం. అటువంటిది సామాన్లకు తప్ప పనికిరాదు, కనీసం మొదటి ప్రయత్నానికి వద్దు. నున్నగా ఉంటే సైలెన్సర్ బిగించి, తాడు పిడి పట్టుకుని రంపాన్ని మెల్లగా వేలాడనివ్వు. ఆగి ఆగి దిగితే ఒత్తిడి ఉన్నట్టే. జారిపోయిందా, పిస్టన్ రింగులు చూడాలి.

తరవాత కరెంటు. ప్లగ్గు విప్పి, క్యాప్ తగిలించి, ఇంజను ఒంటికి ఆనించి తాడు లాగు. దగ్గర్లో పెట్రోలు ఉండకూడదు సుమా. నీలిరవ్వ రాకపోతే భయపడకు. ఆ కాలం రంపాల్లో ఫ్లైవీల్ (ఇంజనుతో పాటు తిరిగే రెక్కల చక్రం) కింద పాయింట్లు, అంటే కలుస్తూ విడిపోతూ నిప్పురవ్వ పుట్టించే రెండు లోహపు మొనలు ఉంటాయి, ఇరవై ఏళ్ళు షెడ్డులో పడుంటే వాటి మీద పొర కట్టేస్తుంది. సన్న ఆకురాయి ఒక్కసారి పట్టి, శుభ్రమైన విజిటింగ్ కార్డు మధ్యలో దూర్చి లాగితే మురికి దానికి అంటుకుంటుంది. పాయింట్లు విడిపోయినప్పుడు మధ్య సందు అంగుళంలో వెయ్యింట 15 వంతులు ఉండాలి. ఫ్లైవీల్ రెక్కలు పెళుసు, వాటి కింద స్క్రూడ్రైవర్ పెట్టి మీటకు. నేను రెండు విరగ్గొట్టాను.

కరెంటు ఉందీ అంటే ఇక మిగిలింది పెట్రోలు దారి, నూటికి తొంభై అక్కడే ఉంటుంది తప్పు. కార్బొరేటర్ నోట్లో నాలుగు చుక్కలు వేసి లాగు. ఒక్క క్షణం పలికి ఆగిపోతే అనుమానం తీరినట్టే. ట్యాంకులో గొట్టం గట్టిపడి పగిలి ఉంటుంది. కార్బొరేటర్ లోపలి రబ్బరు పొర అప్పడంలా బిరుసెక్కి ఉంటుంది. ఆ పొరలూ గాస్కెట్లూ కలిపి కిట్టుగా అమ్ముతారు. విప్పేటప్పుడు ప్రతి మెట్టుకూ ఫొటో తీసుకో, ఏది పైన ఏది కింద అన్నది రేపటికి గుర్తుండదు.

ఇక్కడి బంకుల్లో మామూలు పెట్రోలులో పదో వంతు ఇథనాల్ ఉంటుంది. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరును తినేస్తుంది. ఇథనాల్ లేనిది అమ్మే బంకు కనుక్కో. ఆ రోజుల్లో 16 వంతుల పెట్రోలుకి ఒక వంతు మామూలు ఇంజనాయిల్ కలపమనేవారు. ఇప్పటి మంచి టూ-స్ట్రోక్ ఆయిల్‌తో 32కి ఒకటి చాలు, అంటే గ్యాలనుకు 4 ఔన్సులు. పెట్రోలు డబ్బాను గరాజులో పెట్టేముందు ఒకటి చూసుకో. ఇక్కడ చాలా ఇళ్ళలో గ్యాస్ వాటర్ హీటర్ గరాజులోనే ఉంటుంది, దాని అడుగున మంట వెలుగుతూ ఉంటుంది. మన దేశంలో ఆ అలవాటు లేదు కనుక కొత్తవాళ్ళకు ఇది తట్టదు. పెట్రోలు ఆవిరి నేలమీద పాకుతుంది. డబ్బా బయట షెడ్డులో ఉండాలి.

ఇప్పుడు చెప్పేది మాత్రం మీ ఆవిడకు కూడా చదివి వినిపించు. ఆ రంపానికి చెయిన్ బ్రేక్ లేదు. బారు ముక్కు పైభాగం దేనికైనా తగిలితే రంపం ఎగిరి ముఖం మీదికి వస్తుంది. కొత్త రంపాల్లో బ్రేక్ పడి గొలుసు ఆగుతుంది, దీనిలో ఆగదు. కాబట్టి కోత రక్షణ ప్యాంటు, హెల్మెట్, చెవి కప్పులు లేకుండా గొలుసు తిప్పకు. నేల మీద పడి ఉన్న దుంగను, ముక్కు తగలకుండా, నడుము ఎత్తు దాటకుండా కొయ్యి. నిలబడి ఉన్న చెట్టు జోలికి పోకు. 2021 ఫిబ్రవరి మంచు తుఫానులో మా పెరట్లో ఫర్ చెట్టు కొమ్మలు విరిగి కరెంటు తీగ మీద పడితే, జీవితమంతా అడవిలో కోసిన మా పక్కింటి పెద్దాయన రంపం తెచ్చి కూడా ముట్టుకోలేదు. లైన్‌మెన్ వచ్చేదాకా రెండు రోజులు ఆగాం. అంత అనుభవమున్న మనిషి ఆగడం చూసి నేను నేర్చుకున్నది ఇంతా అంతా కాదు. ఇంకో మాట, పోర్ట్‌లాండ్ నగర పరిధిలో మొదలు అడ్డుకొలత 12 అంగుళాలో అంతకు మించో ఉన్న చెట్టు తీయాలంటే మన పెరట్లోదైనా పర్మిట్ కావాలి. మీ ఊరి నిబంధన వేరుగా ఉండొచ్చు, సిటీ ఆఫీసులో అడుగు.

నువ్వు హెచ్-1బి మీద ఉంటే ఒక జాగ్రత్త. సరదాకి ఒకటో రెండో బాగుచేసి ఇంట్లో పెట్టుకోవడంలో ఇబ్బంది లేదు. వారం వారం కొని, బాగుచేసి, లాభానికి అమ్మడం మొదలుపెడితే అది అనుమతి లేని పని కింద లెక్కకు రావచ్చు. ఆ ఆలోచన ఉంటే ముందు లాయర్ని అడుగు. అలాగే ఊళ్ళో నాన్నగారి కొబ్బరితోటకు పనికొస్తుందని సూట్‌కేసులో సర్దకు. ఒకసారి పెట్రోలు పోసిన ఇంజనును విమానంలోకి రానివ్వరు.

రంగు గురించి అడగలేదు కానీ చెబుతాను. బాగుచేయడమంటే కొత్తదానిలా మెరిపించడమని అనుకోకు. ఆ ఒళ్ళు మెగ్నీషియం పోత. గ్రైండర్ పెట్టి గీకితే వచ్చే పొడి అంటుకుంటుంది, నీళ్ళు పోస్తే ఆ మంట ఇంకా పెరుగుతుంది. సబ్బు నీళ్ళు, పాత టూత్‌బ్రష్, కిరసనాయిలు, ఓపిక, ఇవి చాలు. ఎయిర్ ఫిల్టర్ మూత తీసి లోపలివైపు చూడు. అడవిలో రంపాలు తారుమారు కాకుండా మేకుతో పేరో పొడి అక్షరాలో చెక్కుకునేవారు. నీ దానిలో అటువంటి గీతలుంటే వాటిని రుద్దకు. ఎస్టేట్ సేల్ పెట్టినవాళ్ళ ఇంటికి ఒకసారి వెళ్ళి, ఆ అక్షరాలు ఎవరివో అడుగు.