వాషింగ్ మెషిన్‌కు, టీవీకి వైఫై ఇవ్వాలా?

కొత్తగా కొన్న వాషింగ్ మెషిన్, టీవీ రెండూ వైఫై అడుగుతున్నాయని, ఇస్తే మన సమాచారం ఎవరి చేతికి పోతుందని అడిగారు. మా ఇంట్లో మెషిన్‌కు ఇవ్వలేదు. టీవీకి ఇచ్చాను, కానీ కొన్నిటిని ఆపేసి.

మెషిన్ సంగతి చిన్నదే. దాని యాప్ పెట్టగానే లొకేషన్ అడిగింది. చుట్టుపక్కల పరికరాలను వెతకాలంటే చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో ఆ అనుమతి కావాలి, సరే. తర్వాత పుట్టిన తేదీ అడిగింది. బట్టలు ఉతకడానికి నా పుట్టిన తేదీతో పనేమిటి? యాప్ తీసేశాను. మీటలు నొక్కితే మెషిన్ తిరుగుతూనే ఉంది, ఉతకడం అయిపోతే కూత పెడుతుంది. నాకు అంతకంటే ఏం కావాలి?

అసలు జాగ్రత్త పడాల్సింది టీవీతో. చాలా స్మార్ట్ టీవీల్లో ఏసీఆర్ (ఆటోమేటిక్ కంటెంట్ రికగ్నిషన్) అనే ఏర్పాటు ఉంటుంది. తెరమీది బొమ్మనో శబ్దాన్నో క్షణక్షణం పట్టుకుని, దాన్నుంచి ఒక గుర్తు తయారుచేసి సర్వర్‌కు పంపుతుంది. మీరు ఏ కార్యక్రమం, ఏ ప్రకటన ఎంతసేపు చూశారో అక్కడ తేలిపోతుంది. హెచ్‌డీఎంఐ తీగతో ల్యాప్‌టాప్ తగిలించి చూసేదాన్ని కూడా ఇది వదలదని 2024లో పరిశోధకులు కొన్ని టీవీలను పరీక్షించి చూపించారు. అమెరికాలో విజియో కంపెనీ 1.1 కోట్ల టీవీల నుంచి ఇలా అనుమతి లేకుండా వివరాలు లాగి అమ్ముకుందన్న కేసులో 2017లో 22 లక్షల డాలర్లు కట్టింది.

మా రౌటర్‌లో ఏ పరికరం ఏ సర్వర్‌ను పిలుస్తోందో కనబడుతుంది. రాత్రి టీవీ కట్టేసి అందరం పడుకున్నాక కూడా స్టాండ్‌బైలోంచి పిలుపులు పోతూనే ఉన్నాయి. కొన్ని పేర్లలో 'యాడ్స్', 'లాగ్' అన్న ముక్కలు కనబడ్డాయి. సెట్టింగ్స్‌లో ఏసీఆర్ ఆపాక వాటిలో కొన్ని ఆగాయి, అన్నీ కాదు.

ఏసీఆర్ ఆపే మీట ఆ పేరుతో కనబడదు. శాంసంగ్‌లో 'వ్యూయింగ్ ఇన్ఫర్మేషన్ సర్వీసెస్' అనీ, ఎల్‌జీలో 'లైవ్ ప్లస్' అనీ ఉంటుంది. ఆసక్తిని బట్టి చూపే ప్రకటనలకు వేరే మీట ఉంటుంది, దాన్నీ ఆపండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ రెండూ మళ్లీ చూసుకోండి.

గెస్ట్ వైఫైలో, అంటే రౌటర్‌లో అతిథుల కోసం వేరుగా పెట్టే వైఫైలో, టీవీని పెడితే చాలని చాలామంది చెబుతారు. టీవీ మీ కంప్యూటర్ల జోలికి రాకుండా ఉండడానికి అది మంచిదే, నేనూ అలాగే పెట్టాను. కానీ కంపెనీకి పోయే సమాచారాన్ని అది ఆపదు.

నాకు ఎక్కువ కోపం తెప్పించేది కొన్న తర్వాత వస్తువు మారిపోవడం. 2025లో శాంసంగ్ అమెరికాలో అంతకుముందే అమ్మిన ఫ్యామిలీ హబ్ ఫ్రిజ్‌ల తెరలమీద అప్‌డేట్ ద్వారా ప్రకటనలు వేయడం మొదలుపెట్టింది. పూర్తి ధర కట్టినవాళ్ల వంటింట్లో ప్రకటన పెట్టే హక్కు ఎవరికీ ఉండకూడదు.

మీ మెషిన్‌ను మాత్రం వాపసు గడువు ఉండగానే వైఫై లేకుండా నడిపి చూడండి. కొన్ని మోడళ్లలో కొన్ని వాష్ సైకిళ్లు యాప్‌లోంచే వస్తాయి. అవి మీకు అవసరమో కాదో అప్పుడే తెలిసిపోతుంది.