రాత్రి 12కి ముగిసిన డీల్, మార్చి 18కి ముగిసే గడువు

ప్రశ్న: మాది ఖమ్మం. చిన్న ప్రైవేటు ఉద్యోగం. మా అమ్మాయి బీటెక్ మొదటి సంవత్సరంలో ఉండగా, రోజుకో డీల్ పెట్టే ఒక వెబ్‌సైట్‌లో ల్యాప్‌టాప్ కొన్నాను. లక్షా నాలుగు వేలు కొట్టేసి 46,990 అని చూపారు. ‘రాత్రి 12 వరకే, ఇంకా 3 మాత్రమే’ అంటూ గడియారం తిరుగుతుంటే చీటీ డబ్బులు తీసి కట్టేశాను. 16 జీబీ ర్యామ్ అని పెట్టి 8 జీబీది పంపారు. 2024 మార్చి 18న వచ్చింది. మూత మీద గీతలు కూడా ఉన్నాయి. ఆ సాయంత్రమే ఫోన్ చేస్తే ‘డీల్ వస్తువులకు వాపసు లేదు’ అన్నారు. మెయిల్ పెడితే అదే జవాబు. మర్నాడు అదే డీల్ అదే ధరకు మళ్లీ కనిపించింది. ఏప్రిల్‌లో మా అమ్మకు పక్షవాతం వచ్చింది, నవంబరులో పోయింది. ఆ దుఃఖంలో ఇది పక్కన పడిపోయింది. 2025 ఆగస్టులో సర్వీస్ సెంటర్‌కు తీసుకెళ్తే, దీని వారంటీ 2021లోనే మొదలైంది, ఇది పాతది అన్నారు. 1915 హెల్ప్‌లైన్‌కు ఫిర్యాదు చేస్తే ‘పరిశీలనలో ఉంది’ అంటున్నారు. డీల్ పేజీ ఇప్పుడు లేదు. ఆ పేజీని అచ్చం అలాగే కంప్యూటర్‌లో తయారు చేసి ఇస్తానని ఒక మిత్రుడు అంటున్నాడు. బజార్లో ఇంకో 8 జీబీ వేయించుకుని మరచిపోమని ఇంట్లో వాళ్లు అంటున్నారు. నాకు న్యాయం జరుగుతుందా?

జవాబు: మీరు ఆరు పేజీలు రాశారు, పైన వేసింది దాని సారాంశమే. అందులో మీ కేసు ఏమవుతుందో తేల్చేది ఒక్క తేదీ: 2024 మార్చి 18. మీ ఉత్తరం మీద ఉన్న తేదీ 2026 ఫిబ్రవరి 9. వినియోగదారుల రక్షణ చట్టం, 2019లోని 69వ సెక్షన్ ప్రకారం వ్యాజ్యకారణం, అంటే ఫిర్యాదుకు కారణమైన సంగతి, పుట్టిన రోజు నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు దాఖలు కావాలి. ర్యామ్ తక్కువ ఉందని మీకు తెలిసింది వస్తువు ఇంటికొచ్చిన రోజునే. అంటే మీ ఆఖరి రోజు 2026 మార్చి 18, ఉగాదికి ముందు రోజు. నెల పైన కొన్ని రోజులే మిగిలాయి. గడియారం చూసి అరగంటలో డబ్బు కట్టిన మీరు, ఈ గడియారాన్ని రెండేళ్లపాటు చూడనే లేదు.

‘మెయిల్స్ పెడుతూనే ఉన్నాను, 1915లో ఫిర్యాదు నడుస్తోంది కదా’ అని ధైర్యంగా ఉన్నట్టున్నారు. అవి గడువును ఒక్క రోజు కూడా ఆపవు. 1915 అనేది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. కంపెనీతో మాట్లాడి రాజీ కుదర్చడానికి అది పనికొస్తుంది, అది కోర్టు మాత్రం కాదు. ఉత్తర ప్రత్యుత్తరాలు సాగినంత మాత్రాన కాలపరిమితి పెరగదన్నది ఎప్పుడో స్థిరపడిన మాట.

ఇక్కడ మీకో ఆశ పుడుతుంది. వస్తువు పాతదని తెలిసింది 2025 ఆగస్టులో కాబట్టి రెండేళ్లు అక్కణ్నుంచి లెక్కపెట్టుకోవచ్చు కదా అని. మోసం వల్ల దాగిన సంగతికి అది బయటపడ్డ రోజు నుంచే గడువు మొదలవుతుందన్న సూత్రం లిమిటేషన్ చట్టం 17వ సెక్షన్‌లో ఉన్నమాట నిజమే. కాని తగిన శ్రద్ధ పెడితే ముందే తెలిసేదైతే ఆ వెసులుబాటు దక్కదు. మూత మీద గీతలు మొదటి రోజే చూశానని మీరే రాశారు. కంపెనీ వకీలు ముందుగా పట్టుకునేది ఆ వాక్యాన్నే. గీతలున్న ‘కొత్త’ ల్యాప్‌టాప్ చూసినవాడు, అడుగున ఉన్న సీరియల్ నంబరుతో తయారీదారు సైట్‌లో వారంటీ తేదీ ఎందుకు చూడలేదని అడుగుతాడు. అది రెండు నిమిషాల పని. అందుకని 17వ సెక్షన్‌ను ఫిర్యాదులో ప్రత్యామ్నాయంగా ఒక పేరాలో రాయండి, దాని మీదే ఆధారపడి కూర్చోవద్దు. మార్చి 18 లోపు వేస్తే ఆ చర్చే రాదు.

మీ అమ్మగారి జబ్బు, మరణం గురించి ఎక్కువ రాశారు. అవి పనికొచ్చే చోటు ఒక్కటే. గడువు దాటితే, తగిన కారణం చూపి జాప్యాన్ని మన్నించమని అడిగే వీలు 69వ సెక్షన్‌లోనే ఉంది. అప్పుడు ఆసుపత్రి డిశ్చార్జి పత్రం, మరణ ధ్రువీకరణ జతచేయాలి. అయినా నవంబరు తర్వాతి పదిహేను నెలలకు ఏం కారణం చెబుతారు? ఆ పరిస్థితి తెచ్చుకోకండి.

ఇక సాక్ష్యం. రోజుకో డీల్ వ్యాపారంలో అమ్మకం పేజీ పుట్టేదే పోవడానికి. అమెరికాలో 2004లో వూట్ సైట్ రోజుకో వస్తువు అమ్మడం మొదలుపెట్టినప్పటి నుంచీ పద్ధతి ఇదే: తెల్లారితే నిన్నటి పేజీ స్థానంలో కొత్త పేజీ ఉంటుంది. అందుకే ఇలాంటి చోట కొనేవాళ్లు డబ్బు కట్టే ముందే ఆ పేజీని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోవాలి. మీరు తీయలేదు, సరే. కాని డీల్ పేజీ పోయినంత మాత్రాన వాళ్లు ఇచ్చిన మాట పోలేదు. డబ్బు కట్టగానే వచ్చిన ఆర్డర్ మెయిల్‌లో వస్తువు పూర్తి పేరు ఉంటుంది, చాలాసార్లు ర్యామ్ ఎంతో కూడా ఉంటుంది. అదే పేరు మీ ఖాతాలోని ‘నా ఆర్డర్లు’లో ఇప్పటికీ కనిపించాలి. ఆరు పేజీల ఉత్తరంలో ఈ మెయిల్ గురించి ఒక్క ముక్క లేదు! ఈ రాత్రే వెతకండి. చెత్తబుట్ట ఫోల్డరుతో సహా చూడండి. దొరికితే తొలగించకుండా, ఎవరికీ ఫార్వర్డ్ చేసి సరిపెట్టకుండా అసలు మెయిల్‌ను అలాగే ఉంచి ప్రింటు తీయండి. ఇన్వాయిస్ కూడా దించుకోండి, అందులో సీరియల్ నంబరు ఉందేమో చూడండి.

సీరియల్ నంబరు ఎందుకంటే, ‘మేము పంపింది వేరు, ఈయన చూపిస్తున్నది వేరు’ అన్నది ఇలాంటి కేసుల్లో మొదటి వాదన. దానికి సూటి జవాబు డబ్బా మీది లేబుల్. మీరేమో ఆ డబ్బాను పాత సామాన్లవాడికి వేశారు. కొన్న వస్తువు మీద తగాదా నడుస్తుండగా డబ్బా పారేయడం క్షమించరాని అజాగ్రత్త. ఇప్పుడు మిగిలిన దారి: డబ్బా తెరిచిన రోజు మీ అమ్మాయి స్నేహితులకు ఫోటోలు పంపిందన్నారు కదా, వాట్సాప్‌లో తిరిగినవి కాకుండా ఆమె ఫోన్ గ్యాలరీలో ఉన్న అసలు ఫైళ్లు తీయించండి. వాటిలో తేదీ, సమయం ఉంటాయి. లేబుల్ ఒక్క ఫోటోలో పడినా చాలు.

సర్వీస్ సెంటర్ వాళ్లు చెప్పింది నోటిమాట. అక్కడికి మళ్లీ వెళ్లి, సీరియల్ నంబరు, వారంటీ మొదలైన తేదీ, ఉన్న ర్యామ్ ఎంతో రాసిన జాబ్ షీట్ ముద్ర వేయించుకుని తెచ్చుకోండి. మీరు కొనడానికి చాలా ముందు, 2021లోనే వారంటీ మొదలైందన్న ఆ ఒక్క కాగితం మీ ఆరు పేజీలకన్నా బరువైనది. బజార్లో ఇంకో ర్యామ్ వేయించే ఆలోచన ఈ రోజే మానండి. ఒక్క స్క్రూ విప్పినా మీ సాక్ష్యాన్ని మీ చేతులతో చెరిపినట్టే.

మీ మిత్రుడి సంగతి. ఆ పేజీ నిజంగానే ఉండేది కావచ్చు, అతను చేసేది అచ్చం అలాగే ఉండవచ్చు. అయినా అది దొంగ పత్రమే. వినియోగదారుల కమిషన్ ముందు జరిగేది న్యాయ విచారణ కిందకే వస్తుంది. అక్కడ కల్పించిన సాక్ష్యం పెడితే భారతీయ న్యాయ సంహిత 229వ సెక్షన్ కింద ఏడేళ్ల దాకా శిక్ష పడవచ్చు. ఫోర్జరీ చేసిన ఎలక్ట్రానిక్ రికార్డును అసలుదిగా వాడటం 340 కింద మరో నేరం. కంపెనీ తన సర్వర్ రికార్డు తెచ్చి ఆ రోజు పేజీ ఇలా లేదని చూపిస్తే, 46,990 అడగడానికి వెళ్లిన మీరు ముద్దాయిగా తిరిగొస్తారు. నిజమైన కేసును అబద్ధపు కాగితంతో పోగొట్టుకున్నవాళ్లను నేను చూశాను. అతనికి ఇవాళే వద్దని చెప్పండి. ఇప్పటికే చేసి పంపి ఉంటే ఎక్కడా వాడకండి.

‘డీల్ వస్తువులకు వాపసు లేదు’ అన్న మాటకు మీరు అనవసరంగా భయపడ్డారు. 2020 నాటి ఈ-కామర్స్ నియమాల ప్రకారం లోపం ఉన్నా, ప్రకటించిన లక్షణాలు లేకపోయినా వస్తువు వెనక్కి తీసుకోననడానికి, డబ్బు ఇవ్వననడానికి అమ్మకందారుకు హక్కు లేదు. డీల్ అయితే మినహాయింపని అందులో ఎక్కడా లేదు. వాళ్ల ‘వివాదాలు బెంగళూరు కోర్టులోనే’ అన్న షరతూ అంతే. వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ప్రకారం మీరు నివసించే చోట, అంటే ఖమ్మం జిల్లా కమిషన్‌లోనే వేయవచ్చు. అయిదు లక్షల లోపు విలువకు ఫీజు లేదు.

తిరిగే గడియారం, మర్నాడు మళ్లీ వచ్చిన డీల్ మీ మనసును బాగా కోశాయని అర్థమవుతోంది. 2023 నవంబరు 30న కేంద్రం తెచ్చిన డార్క్ ప్యాటర్న్స్ (కొనేవాళ్లను మభ్యపెట్టే వెబ్‌సైట్ ఎత్తుగడలు) మార్గదర్శకాల్లోని 13 పద్ధతుల్లో ఈ అబద్ధపు తొందర ఒకటి. దాని మీద కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థకు విడిగా రాయండి. కాని మీ డబ్బు వచ్చేది దాని వల్ల కాదు. ఫిర్యాదులో దానికి రెండు వాక్యాలు చాలు. 16 అని చెప్పి 8 పంపడం, కొత్తదని చెప్పి పాతది పంపడం, ఈ రెండింటినే ముందుకు తెండి.

వెబ్‌సైట్ కంపెనీని, ఇన్వాయిస్ మీద పేరున్న అమ్మకందారును ఇద్దరినీ ప్రతివాదులుగా చేర్చండి. ఒకరిని వదిలేస్తే ఇంకొకరు వాళ్ల మీదకు నెట్టి తప్పుకుంటారు. ధర వాపసు, చెల్లించిన రోజు నుంచి వడ్డీ, మానసిక క్షోభకు పరిహారం, ఖర్చులు అడగండి. ప్రమాణపత్రం, మెయిళ్ల ప్రింట్లకు భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రం (ఎలక్ట్రానిక్ రికార్డు సాక్ష్యంగా చెల్లడానికి కావలసినది) జతచేయండి, నమూనా ఆ చట్టం షెడ్యూల్‌లోనే ఉంది. వినియోగదారుల ఫిర్యాదులకున్న ఈ-జాగృతి పోర్టల్‌లో మీరే దాఖలు చేసుకోవచ్చు, వకీలు తప్పనిసరి కాదు. నోటీసు పంపాలనుకుంటే రిజిస్టర్డ్ పోస్టులో ఈ వారమే పంపండి, జవాబు కోసం మాత్రం ఆగకండి. పోర్టల్‌లో ఏదైనా కాగితం సరిగా లేదని తిప్పి పంపితే సరిచేయడానికి వారం పడుతుంది. అందుకని మార్చి 18 కోసం చూడకుండా 5వ తేదీకల్లా దాఖలు చేసి, రసీదు నంబరు రాసిపెట్టుకోండి.