ముందు జీతం సంగతి రాయి

తమ్ముడూ,

నీ కథ చదివాను. వాక్యం బాగా నడిచింది, అంతకన్నా పొగడను. కానీ నాలుగో పేజీలో ఖగోళ శాస్త్రవేత్త కెప్లర్ నిండు సభలో జాతక చక్రం చింపి రుడాల్ఫ్ చక్రవర్తి ముందు విసిరికొట్టి "సత్యమే నా దైవం" అంటాడే, అక్కడ నాకు ఒళ్లు మండింది. చింపేసి ఇంటికెళ్లి ఏం తింటాడయ్యా? పెళ్లాం పిల్లలున్నవాడు. 1601లో అంతకుముందున్న టైకో బ్రాహీ పోయాక రుడాల్ఫ్ ఆస్థాన గణితజ్ఞుడి పదవి ఈయనకొచ్చింది. హోదా బ్రహ్మాండం, జీతం మాత్రం ఎప్పుడూ బాకీయే, ఖజానా చుట్టూ తిరగడం రెండో ఉద్యోగమైపోయింది. జ్యోతిషం తెలివితక్కువ కూతురే గానీ దాని సంపాదన లేకపోతే తల్లి ఖగోళశాస్త్రం పస్తులుంటుందన్నది ఆయనే. నీ కథలో ఆ కూతురేదీ?

డబ్బు ఎవరిస్తున్నారు, ఎంత, చేతికి ఎప్పుడొచ్చింది, ఇది తేలని పాత్రని నేను నమ్మను. ఈ మాట ఎడిటర్లకు గిట్టదు. నా కథలో అప్పుల లెక్కలున్నాయని ఒక వారపత్రికాయన ఆ పేరాలన్నీ కోసేసి కన్నీళ్లు మాత్రం అచ్చేశాడు. ఇప్పటి ఫ్యాషన్ ఇంకోటి, సైన్సు ఒకవైపు, మూఢనమ్మకం ఒకవైపు, మధ్యలో హీరో. విసుగొచ్చేసింది.

అసలు కథ వాలెన్‌స్టైన్ జాతకంలో ఉంటే నువ్వు దాన్ని ఒక్క లైనులో దాటేశావు. 1608లో ఆ బొహీమియా కుర్రదొర, తర్వాత చక్రవర్తి సేనాధిపతి అయినవాడు, తన పేరు బయటపెట్టకుండా మధ్యవర్తి చేత జాతకం అడిగించాడు. ఎవరిదో పసిగట్టి కూడా కెప్లర్ మొహమాటపడలేదు, దయ లేనివాడు, తోబుట్టువుల మీదా ఆలి మీదా ప్రేమ ఉండదు అని రాసేశాడు. 33వ ఏట పెళ్లవుతుంది, పిల్ల అందగత్తె కాదు, వితంతువు, కానీ పొలాలూ పశువులూ ఉంటాయి అని కూడా. మరుసటేడే, 1609లో, డబ్బున్న వితంతువుతోనే పెళ్లయింది! ఇక 1624లో దొర ఆ పాత కాగితం మార్జిన్లలో ఏది ఎప్పుడు జరిగిందో రాసి, మళ్లీ లెక్కకట్టమని తిప్పి పంపాడు. భవిష్యత్తు చెప్పినవాడికి ప్రూఫులు దిద్ది పంపడమంటే ఇదే. అది అందుకున్నప్పుడు కెప్లర్ మొహం ఎలా ఉందో రాయి నువ్వు.

నాకా మొహం తెలుసు. ఉద్యోగం లేని రోజుల్లో ఒక కాంట్రాక్టరుకి సన్మాన పత్రం రాశాను. "దానకర్ణా" అని మొదలెడితే, "కర్ణుడు చివర్లో చచ్చిపోతాడు కదండీ, మార్చండి" అన్నాడు. మార్చాను. డబ్బులడిగితే నాకూ ఒక శాలువా కప్పి పంపించాడు.

కెప్లర్‌కి అదీ లేదు. 1628లో వాలెన్‌స్టైన్‌ని నమ్ముకుని ఆ దొర ఏలుబడిలోని సగాన్ పట్టణం వెళ్లాడు. చక్రవర్తి పడ్డ పాత బాకీ, దాదాపు 12,000 ఫ్లోరిన్లు (అప్పటి నాణేలు), దొర నెత్తిన పెట్టారు, దొర ఇవ్వలేదు. 1630లో రావలసిన డబ్బుల కోసం బయల్దేరి రేగెన్స్‌బర్గ్‌లో జబ్బుపడి పోయాడు. ఆయన వేసిన రెండో జాతకం 1634 మార్చితో ఆగిపోతుంది, దొరని ఫిబ్రవరిలోనే చంపేశారు. కథని మాత్రం అక్కడ ముగించకు, అందరూ అక్కడే ముగిస్తారు.

మార్జిన్ల సీను రాసి పంపు. ఈసారి టైపు చేయించు, నీ చేతిరాతతో నా కళ్లు పోతున్నాయి.