ఎడారుల మీద, వాతావరణ మార్పు మీద సాహిత్యం, చరిత్ర వాళ్ళు పెట్టే బహిరంగ ఉపన్యాసాల వల్ల ఉపయోగం ఏమైనా ఉందా?

ఉంది. అయితే అది మైకు ఎవరి చేతికి, ఎంతసేపు ఇచ్చారనే దాని మీద ఆధారపడి ఉంటుందని నా గట్టి నమ్మకం. ఉష్ణోగ్రతల లెక్కలు శాస్త్రవేత్తలు చెబుతూనే ఉన్నారు కదా, మధ్యలో కథలూ చరిత్రా దేనికని మీరు ప్రశ్న కింద రాశారు. నేను అనంతపురం జిల్లాలో, హగరి ఏటి ఒడ్డున కణేకల్లు దగ్గర పుట్టి పెరిగాను. పదకొండేళ్ళుగా అమెరికాలోని అరిజోనాలో, ఫీనిక్స్ పక్కన ఉంటున్నాను. రెండు చోట్లా ఎడారి అనే మాట వింటూ బతికినవాణ్ణి కాబట్టి నాకు జరిగింది చెబుతాను.

2023లో ఫీనిక్స్‌లో జూన్ 30 నుంచి జులై 30 దాకా వరసగా 31 రోజులు పగటి ఉష్ణోగ్రత 110 డిగ్రీల ఫారన్‌హీట్‌ను, అంటే సుమారు 43 డిగ్రీల సెల్సియస్‌ను, తాకింది లేదా దాటింది. ఫీనిక్స్ ఉన్న మారికోపా కౌంటీలో ఆ ఏడాది మొత్తం మీద వేడి వల్ల 645 మంది చనిపోయారు. ఆ అంకెలు నన్ను భయపెట్టాయి గాని, నేను కాపురం ఉంటున్న నేల ఎలాంటిదో వాటి వల్ల నాకు కొంచెం కూడా తెలియలేదు. ఆ జులైలోనే ఒక సాయంత్రం మా ఇంటికి దగ్గరలో ఉన్న పబ్లిక్ లైబ్రరీలో ఎడారి మీద ఉచిత ఉపన్యాసం ఉందని తెలిసి, మా అమ్మాయిని తీసుకుని వెళ్ళాను.

హాలు బయట అంటించిన పోస్టర్ మీద ఇసుక తిన్నెలు, వాటి మీద ఒంటెల వరస ఉన్నాయి. మేముండే సోనోరన్ ఎడారిలో ఒంటెలు లేవు, మా చుట్టుపక్కల ఇసుక తిన్నెలూ లేవు. ఇక్కడ ఏడాదికి రెండు వానకాలాలు వస్తాయి, నలభై అడుగుల ఎత్తు పెరిగే సువారో అనే జెముడు చెట్లు కొండల నిండా ఉంటాయి. సొంత ఊళ్ళో ఎడారి గురించి సభ పెట్టుకుని వేరే ఖండపు బొమ్మ వేసుకోవడం నాకు చాలా బాధ కలిగించింది.

మొదట ఒక ప్రొఫెసర్ నలభై నిమిషాలు మాట్లాడారు. కథల్లో, సినిమాల్లో ఎడారిని ఎప్పుడూ ఏమీ లేని చోటుగా చూపిస్తారని, అలా చూపించి చూపించి చివరికి అక్కడ ఏం చేసినా అడిగేవాళ్ళు ఉండరనే ధైర్యం ప్రభుత్వాలకు వస్తుందని ఆయన అన్నారు. 1945 జులై 16న మొదటి అణుబాంబును పరీక్షించింది న్యూ మెక్సికో ఎడారిలోనే. ఆయన ఆ మాట అంటుంటే 1974లో, మళ్ళీ 1998లో అణుపరీక్షలు జరిగిన మన థార్ ఎడారిలోని పోఖ్రాన్ గుర్తొచ్చింది. ఆ చుట్టుపక్కల పల్లెలు ఉన్నాయని, వాటిలో మనుషులు, పశువులు ఉన్నారని మనలో ఎంతమంది అప్పుడు ఆలోచించాం? ప్రొఫెసర్ చెప్పింది నూటికి నూరుపాళ్ళు నిజమని నేను నమ్ముతున్నాను.

ఆ తరువాత ఈ నేల మీద వేల ఏళ్ళుగా ఉంటున్న తొహొనొ ఓధమ్ జాతికి చెందిన ఒక పెద్దావిడ లేచారు. ఆ పేరుకు వాళ్ళ భాషలో ఎడారి మనుషులని అర్థం. బయటివాళ్ళు వాళ్ళను చాలాకాలం పపాగో అని పిలిచారు, 1986లో వాళ్ళు ఆ పేరును అధికారికంగా వదిలి తమ పేరు తాము పెట్టుకున్నారు. ఆమె ఒక పొడవాటి కర్ర తెచ్చారు. సీలింగ్ అడ్డం వచ్చి అది హాల్లో నిలబడలేదు, అందుకని నాలుగు కుర్చీల మీద అడ్డంగా పడుకోబెట్టారు. దగ్గరికి వెళ్ళి చూస్తే, సువారో చెట్టు చచ్చి ఎండిపోయాక లోపల మిగిలే పక్కటెముకల్లాంటి పుల్లలు రెండింటిని ఇనుప తీగతో బిగించి కట్టి, కొనకు ఏటవాలుగా చిన్న అడ్డకర్ర పెట్టారు. ఆ కట్టు దగ్గర పండు గుజ్జు ఎండి, ముదురు ఎరుపు చార ఒకటి ఉంది. అది దోటి. మా అవ్వ సీమచింతకాయలు లాగడానికి వాడిన దోటికీ దానికీ చెక్కలోనే తేడా. వాళ్ళు దాన్ని కుయ్‌పడ్ అంటారట. మా అమ్మాయి చేతికిచ్చి, ఎత్తి చూడమన్నారు.

జూన్ చివర్లో సువారో పండ్లు కోయడంతో వాళ్ళకు కొత్త సంవత్సరం మొదలవుతుందని, గుజ్జు తీసుకున్నాక ఖాళీ డొప్పను ఎర్రటి లోపలి భాగం ఆకాశం వైపు ఉండేలా నేల మీద పెట్టి వాన కోసం అడుగుతారని ఆమె చెప్పారు. ఇంత ఎండలో మీ పూర్వీకులు ఎలా తట్టుకున్నారని ఎవరో అడిగితే, చలికాలం కొండ ఊటల దగ్గర, వానలు పడ్డాక వాగు పారే చోట చేల దగ్గర, ఇలా ఏడాదికి రెండు ఊళ్ళలో కాపురం చేసేవాళ్ళమని, రెండు మూడు వానలకే చేతికొచ్చే చిన్న చిక్కుడు గింజలు వేసుకునేవాళ్ళమని వివరించసాగారు. పది నిమిషాలయ్యాయని నిర్వాహకులు చేయి ఊపి ఆపేశారు. ఎడారివాళ్ళను లేనట్టుగా చూపిస్తున్నారని నలభై నిమిషాలు విన్న సభలో, ఆ ఎడారి మనిషికి దక్కింది పది నిమిషాలు. నాకు ఈనాటికీ ఆ కోపం పోలేదు.

ఆ రాత్రే మా అమ్మకు ఫోన్ చేశాను. జూన్ చివరంటే మనకు ఆరుద్ర కార్తె కదా, శెనక్కాయ విత్తడానికి వాన కోసం చూసే రోజులు కదా అంది. ఆరుద్ర కురిస్తే దారిద్ర్యం లేదని మా ఊళ్ళో అంటారు. మా జిల్లాను మాత్రం పేపర్లు ఎన్నేళ్ళుగానో ఎడారి జిల్లా అనే రాస్తున్నాయి. అనంతపురంలో సగటున ఏడాదికి 550 మిల్లీమీటర్ల దాకా వాన పడుతుంది, ఫీనిక్స్‌లో 200 కూడా పడదు. మా పక్క కడప జిల్లా పోరుమామిళ్ళలో 1369 నాటి చెరువు శాసనం మంచి చెరువుకు ఉండవలసిన 12 లక్షణాలు, ఉండకూడని 6 దోషాలు వివరంగా చెబుతుంది. నీళ్ళ గురించి ఇంత ఆలోచించిన సీమను ఎడారి అనే ఒక్క మాటతో కొట్టిపారేస్తే, చెరువులు పూడిపోయినా, ఏటి ఇసుకంతా లారీల్లో పోయినా, అది ఎలాగూ ఎడారే కదా అని వదిలేస్తారు. ఆ సభకు వెళ్ళేదాకా ఈ సంగతి నాకు తట్టలేదు. ఇక్కడి తెలుగువాళ్ళం ఏటా ఇన్ని సభలు జరుపుకుంటూ, మనం ఇళ్ళు కట్టుకున్న ఈ నేల మనుషులను ఒక్కసారైనా పిలిచి వినకపోవడం కూడా నాకు తప్పుగానే తోస్తుంది.

ఆ వేసవి అలా గడిచింది. 16 రాత్రులు వరసగా 90 డిగ్రీల ఫారన్‌హీట్ కంటే కిందికి దిగలేదు. సువారో చెట్టు పగలు రంధ్రాలు మూసుకుని, రాత్రి చల్లబడ్డాక గాలి పీల్చుకుంటుంది. రాత్రులు చల్లబడక నగరంలో ఎన్నో చెట్లు కూలిపోయాయి. మా వీధి చివరి చెట్టు పడిపోయినప్పుడు మా అమ్మాయి, ఆ పుల్లలు ఆ అవ్వకు పనికొస్తాయా నాన్నా అని అడిగింది. ఉష్ణోగ్రతల పట్టిక చూసి ఏ పిల్లా అలా అడగదు.

ఇలాంటి సభ మా జిల్లాలో పెట్టే ఆలోచన మీలో ఎవరికైనా ఉంటే కణేకల్లులోనే పెట్టండి, హగరి ఇసుకను పడమటి గాలి చేల మీదికి తోసే ఆషాఢంలో, పొలం నుంచి జనం ఇళ్ళకు చేరాక పెట్టండి. మా అమ్మ వయసు ఆడవాళ్ళను ముందు మాట్లాడనివ్వండి, గంట పట్టినా ఆపకండి. ప్రొఫెసర్లు ఆ తరువాత మాట్లాడవచ్చు.