అద్దె ఫ్లాటులో ఉండి వాతావరణ మార్పు గురించి ఏం చేయగలం? మా ఎంవీపీ కాలనీ అనుభవం

మీ ప్రశ్న నాకు అర్థమైనంతలో ఇది: విశాఖ మధురవాడలో అద్దె ఫ్లాటు, మేడ మీద హక్కు లేదు, కారు కూడా లేదు. ఇక ఎల్‌ఈడీ బల్బులు మార్చుకుని ఊరుకోవడమేనా?

నేనూ విశాఖలోనే, ఎంవీపీ కాలనీలో ఇరవై నాలుగు ఫ్లాట్ల పాత అపార్ట్‌మెంటులో ఉంటాను. మొదటి నాలుగేళ్లు నాదీ అద్దె ఇల్లే. అప్పట్లో నేనూ మా ఇంటి కరెంటు బిల్లుతోనే కుస్తీ పట్టాను. ఏసీ 26 దగ్గర పెట్టి ఫ్యాన్ వేసుకోవడం, 75 వాట్ల పాత ఫ్యాన్లు తీసేసి 30 వాట్ల బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెట్టుకోవడం మంచివే, చేయండి. కానీ అవి రెండు రోజుల్లో అయిపోతాయి. అసలు పని ఎవరికీ పట్టని చోట ఉంటుంది. నీళ్ల మోటారు, మెట్ల లైట్లు, చెత్త డబ్బా, మేడ.

మేం మోటారుతో మొదలుపెట్టాం. వాచ్‌మన్ టీకి వెళ్లాడంటే ట్యాంకు పొర్లిపోవాల్సిందే. నిండగానే మోటారు ఆగిపోయే సెన్సార్ పెట్టించాం. రెండు నెలల తర్వాత పాత, కొత్త కామన్ కరెంటు బిల్లులు పక్కపక్కన నోటీసు బోర్డుకి అంటించాను. ఆ తర్వాత నేనేం చెప్పినా కాస్త విన్నారంటే ఆ రెండు కాగితాల వల్లే.

తడి చెత్త దగ్గర మాత్రం పరువు పోయింది. బండి పట్టుకెళ్లిన చెత్త కాపులుప్పాడ డంపింగ్ యార్డుకి చేరుతుంది. గుట్టల కింద గాలాడక కుళ్లే తడి చెత్త నుంచి మీథేన్ వస్తుంది. వందేళ్ల లెక్కన చూసినా అది కార్బన్ డయాక్సైడ్ కంటే 25 రెట్లకు పైగా వేడి పెంచే వాయువు. ఇదంతా మీటింగులో గొప్పగా చెప్పి తడి చెత్తని కంపోస్టు ఎరువుగా మార్చడానికి సెల్లార్లో రెండు డ్రమ్ములు పెట్టించాను. మూడో వారానికి కంపు, తెల్ల పురుగులు. కింది ఫ్లాటు పిన్నిగారు "నీ వాతావరణం సంగతేమో గానీ బాబూ, మా వంటింట్లో గాలి పీల్చుకోనివ్వు" అనేశారు. ఆవిడ తప్పేం లేదు. సాంబారు మిగులూ, చేపల కడుగూ అన్నీ అందులోనే పోసేశాం, పొడి సరుకు వేయలేదు. ఇప్పుడు బకెట్ తొక్కలు వేస్తే దాదాపు అంతే ఎండాకులు, కొబ్బరి పొట్టు వేస్తాం. పుల్లటి మజ్జిగ చిలకరిస్తాం, వారానికి రెండుసార్లు కర్రతో తిరగేస్తాం. చేపా మాంసం మాత్రం వేయం. కంపు పోయింది. ఇరవై నాలుగు ఇళ్లలో పదిహేనే కలిశాయి, మిగతావాళ్లని బతిమాలడం మానేశాను.

సోలార్ అనగానే అందరి నోటా ఒకటే మాట, హుద్‌హుద్ తుపాను. 2014 అక్టోబరు 12న ఊళ్లో చెట్లు ఎలా కూలాయో చూసినవాళ్లకి మేడ మీద పలకలంటే భయం ఉండదా? అందుకే ధర కంటే ముందు స్టాండ్ గురించి అడిగాం. ఎంత గాలికి తట్టుకుంటుందో కాగితం మీద రాసిమ్మన్నాం, ఉప్పుగాలికి తుప్పు పట్టకుండా గాల్వనైజ్ చేసిన ఇనుమే కావాలన్నాం. మొదట వచ్చినాయన రాసివ్వనన్నాడు, ఆయన్ని పంపించేశాం. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో సొంత ఇళ్లకు 3 కిలోవాట్లకు 78,000 రూపాయల దాకా సబ్సిడీ ఉంది. అపార్ట్‌మెంటు కామన్ అవసరాలకైతే కిలోవాటుకి 18,000. కిలోవాటుకి రోజుకి సుమారు 4 యూనిట్లు వస్తాయి. మేం 5 కిలోవాట్లు పెట్టించాం. మోటారు, లిఫ్టు, లైట్ల ఖర్చు చాలావరకు అందులోనే వెళ్లిపోతోంది.

అద్దెవాళ్ల మాట ఎవరు వింటారంటారా? మా దగ్గర అద్దెవాళ్లకి ఓటు లేదు. అయితే లెక్కల పుస్తకం రాయడానికి ఓనర్లలో ఒక్కరూ ముందుకు రాలేదు. నేను రాస్తానన్నాను. ఏడాది తిరిగేసరికి ఏ బిల్లు ఎందుకు పెరిగిందో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. సెన్సార్ ఖర్చుకి ఒప్పించగలిగింది ఆ పుస్తకం చేతిలో ఉండబట్టే. మీరు కూడా ముందు గత ఏడాది కామన్ కరెంటు బిల్లులు అడిగి తీసుకోండి. కంపోస్టు జోలికి మాత్రం వానల్లో వెళ్లకండి, ఎండాకులు దొరకవు.