పులిని జింక కంటితో చూడు

చిరంజీవికి ఆశీస్సులు.

పులి, సింహం, చిరుత లాంటి పిల్లి జాతి అడవి జంతువుల (అడవి పిల్లుల) రంగుల మీద నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఇంత మంచి విషయం ఎంచుకున్నందుకు నిజంగా సంతోషించాను. అయితే "దాక్కోవడానికి పులి చారలు తెచ్చుకుంది" అన్న వాక్యం కొట్టెయ్. పులి ఏదీ తెచ్చుకోలేదు. పిల్లలు పుట్టుకతోనే కొద్దికొద్ది తేడాలతో పుడతాయి. వాటిలో ఏ రంగుది బాగా వేటాడి, బతికి, పిల్లల్ని కన్నదో ఆ రంగే తరతరాలుగా మిగిలింది. అడవి రంగు వేయదు, జల్లెడ పడుతుంది. ఈ తేడా తెలియకపోతే ఎంత అందంగా రాసినా అబద్ధమే రాసినట్టు.

నారింజ రంగు పులి పచ్చటి అడవిలో ఎలా దాక్కుంటుందని పాఠకుడు తప్పకుండా అడుగుతాడు. నీ వ్యాసంలో దానికి జవాబు లేదు. మన కంట్లో రంగుల్ని పట్టే కణాలు మూడు రకాలు, జింకకు రెండే. ఎరుపుకూ ఆకుపచ్చకూ తేడా దానికి సరిగా తెలియదు. మనకు కొట్టొచ్చినట్టు కనిపించే ఆ నారింజ, జింక కంటికి ఆకుల్లో కలిసిపోతుంది. ఇక పట్టిచ్చేది ఒంటి ఆకారమే. ఆ రూపురేఖల్ని చారలు ముక్కలు ముక్కలుగా విరిచేస్తాయి. రంగు గురించి రాసే ప్రతిసారీ ఎవరి కంటికి, ఏ వెలుతురులో అని అడుగు. నాకు ఈ విషయంలో అన్నిటికన్నా ఇష్టమైన సంగతి ఇదే, అందుకే ఇంత చెబుతున్నాను.

2010లో బ్రిస్టల్ విశ్వవిద్యాలయం వాళ్లు 35 జాతుల అడవి పిల్లుల ఒంటిమీది గుర్తుల్ని పోల్చి చూశారు. దట్టమైన అడవుల్లో, చెట్ల మీద, మసక వెలుతురులో తిరిగే జాతులకే చిక్కటి, క్రమం లేని మచ్చలు ఎక్కువని తేలింది. బయలు ప్రదేశాల్లో బతికే సింహం దాదాపు సాదా. మరి చీతా? అదీ బయళ్లలోనే పరిగెత్తుతుంది, ఒళ్లంతా మచ్చలే. నీ వాదనకు అడ్డొస్తుందని చీతాను వదిలేశావు. అలా చేయకు. లెక్కకు లొంగనిదాన్ని ముందే చెప్పేస్తే పాఠకుడు నిన్ను ఎక్కువ నమ్ముతాడు.

నల్ల చిరుతల పేరా బాగుంది. అవి తేమ ఎక్కువగా ఉండే దట్టమైన అడవుల్లోనే ఎక్కువ, మలయా ద్వీపకల్పం దక్షిణాన దాదాపు అన్నీ నల్లవే. దానికి ఇంకొక్కటి చేర్చు. చిరుతకు నలుపు రావాలంటే ఆ జన్యువు తల్లి నుంచీ తండ్రి నుంచీ కూడా రావాలి. అమెరికా ఖండాల్లో ఉండే, చిరుతను పోలిన జాగ్వార్‌లో నలుపుకు కారణం వేరే జన్యువు, అది ఒక వైపు నుంచి వస్తే చాలు.

ఒడిశాలోని సిమ్లిపాల్ నల్లపులుల దగ్గర మాత్రం తొందరపడ్డావు. వాటి చారలు వెడల్పై ఒకదానిలో ఒకటి కలిసిపోవడానికి ఒక జన్యువులో వచ్చిన మార్పు కారణమని బెంగళూరు శాస్త్రవేత్తలు 2021లో చెప్పారు. అక్కడి పులులు తక్కువ, మిగతా పులులతో కలవకుండా విడిగా ఉండిపోయాయి. అలాంటి చిన్న గుంపులో అరుదైన లక్షణం కూడా కేవలం యాదృచ్ఛికంగా పెరిగిపోవచ్చు. చీకటి అడవి కాబట్టి నల్లబడ్డాయని తేల్చేయడానికి నీ దగ్గర ఆధారం లేదు. ఆ పేరా తిరగరాసి, చీతాను కూడా చేర్చి పంపు. వెంటనే చదువుతాను.

నీ శ్రేయోభిలాషి