బ్యాండులో చేరే ముందు చెవుల సంగతి చూసుకోవే

చిట్టీ,

నువ్వు హైదరాబాద్‌లో లైవ్ బ్యాండులో వయొలిన్‌కి కుదిరావని మీ అమ్మ ఫోన్లో చెప్పింది, ఏడుస్తూ చెప్పిందో నవ్వుతూ చెప్పిందో తెలీలేదు. నాకైతే ముందు గర్వంగానే అనిపించింది, వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామి నాయుడు గారు ప్రిన్సిపాల్‌గా చేసిన విజయనగరం కాలేజీలో డిప్లొమా చేసిన పిల్ల పెళ్ళి సంగీత్‌ల్లో వాయిస్తే తప్పేంటి, వాయించనీ అన్నాను. రాత్రి పడుకున్నాకే భయం పట్టుకుంది. స్టేజీ మీద డ్రమ్స్ నీ వెనక ఉంటాయా పక్కన ఉంటాయా?

డబ్బు ముందే మాట్లాడుకో. అర్ధరాత్రి దాటితే దింపే బండి వాళ్ళే పెట్టాలి. టైముకి తిను. ఇవన్నీ మీ అమ్మ ఎలాగూ చెప్తుంది, నేను చెవుల గురించే చెప్తా.

మీ పెదతాత గురించి నీకు తెలిసింది సగమే. కోపిష్ఠి మనిషి అనే కదా విన్నావు. ముందు అలా ఉండేవారు కాదే. ఓ శ్రీరామనవమి పందిళ్ళ సీజన్లో పొద్దున్నే లేచి ఎడమ చెవి దిబ్బడేసిందన్నారు. జలుబన్నారు అందరూ. మా అత్తగారు వెల్లుల్లి వేసి కాచిన నూనె పోసింది, ఆవిరి పట్టించింది, నవమి కచేరీలు ఒప్పుకున్నాం కదా అవి అయ్యాక డాక్టరు దగ్గరికి వెళ్దాంలే అన్నారు, అవి అయ్యేసరికి పెళ్ళిళ్ళొచ్చాయి. దిబ్బడ కాస్త తగ్గినట్టే ఉంది కానీ అసలు గొడవ అప్పుడే మొదలైంది. తంబూరా కలవలేదంటారు, నేను మీటి చూస్తే శుభ్రంగా కలిసుంటుంది, ఆయన బిరడ తిప్పుతారు, మళ్ళీ తిప్పుతారు, మృదంగం ఆయనతో పేచీ. ఒకే స్వరం రెండుగా వినపడుతోందని ఎవరికీ చెప్పలేదు, నాక్కూడా. కుడి చెవికి ఉన్నది ఉన్నట్టు, ఎడమ చెవికి కాస్త ఎక్కి. తారస్థాయిలో మరీను.

అప్పుడే మీ అమ్మ ఆయన దగ్గర వయొలిన్ నేర్చుకుంటోంది. పై షడ్జమం పట్టిన ప్రతిసారీ "ఎక్కిందే, దించు, చెవులున్నాయా నీకు" అని కసిరేవారు. వంటింట్లోంచి నేను వింటూనే ఉన్నా, ఆ పిల్ల వేలు సరిగ్గానే పెట్టింది. దించితే అపశ్రుతి, దించకపోతే తిట్లు. కొన్నాళ్ళకి వయొలిన్ పెట్టెలో పెట్టేసి ఇంక తీయలేదు. తనకి శ్రుతిజ్ఞానం లేదని ఇప్పటికీ అనుకుంటుంది, నేనెన్నిసార్లు చెప్పినా వినదు, నువ్వన్నా చెప్పవే దానికి.

చివరికి విశాఖలో చెవి డాక్టరు ట్యూనింగ్ ఫోర్కు మోగించి నుదుటి మీద పెట్టి ఎటు వినపడుతోందని అడిగాడు. ఈయన కుడివైపన్నారు. గుబిలి అడ్డుంటేనో జలుబైతేనో దిబ్బడేసిన చెవివైపే గట్టిగా వినపడాలట, బాగున్న చెవివైపు వెళ్ళిందంటే దెబ్బ లోపల తగిలినట్టు. వెంటనే వచ్చుంటే స్టెరాయిడ్ మాత్రలు వేసేవాళ్ళం, మొదటి రెండు వారాల్లో అయితేనే ఎక్కువ ఆశ అన్నాడు. ఆ తర్వాత ఆయన ఎడమ చెవిలో దూది పెట్టుకునే పక్కవాద్యం వాయించారు. అందుకే చెప్తున్నా, ఉన్నట్టుండి ఒక చెవి మూసుకుపోతే ఆ రోజు కాకపోతే మర్నాడు ఇఎన్‌టీ దగ్గర ఉండాలి నువ్వు, ప్రోగ్రాం ఉంది గీగ్రాం ఉంది అంటే ఊరుకోను.

చెవి లోపల కాక్లియా అని చుట్టలు తిరిగిన గొట్టం ఉంటుంది, మన వీణ మెట్లలాగే దాంట్లో ఒక్కో చోట ఒక్కో స్వరం, మొదట్లో పై స్వరాలు, చివర్లో కిందివి. వీణకి మెట్టు కదిలితే మైనం పెట్టి మళ్ళీ మేళం కట్టుకుంటాం. అక్కడి సన్నటి కణాలు చచ్చిపోతే మాత్రం మళ్ళీ పుట్టవు.

సంగీతం వచ్చు కదా తేడా వస్తే నాకే తెలుస్తుందనుకోకు. మనం ఆధార షడ్జమాన్ని పట్టుకుని వాయించేవాళ్ళం, అన్ని స్వరాలూ ఒకేలా జరిగితే తంబూరా కూడా వాటితోపాటే జరిగినట్టు వినపడుతుంది, ఇంక ఎలా తెలుస్తుంది? విన్న వెంటనే ఇది ఫలానా స్వరమని గుర్తుపట్టే వాళ్ళకే ముందు తెలుస్తుంది, రిక్టర్ అని రష్యన్ పియానో ఆయనకి ముసలితనంలో వాయించిన దానికన్నా పై స్వరాలు వినపడి నరకం చూశాడట. నువ్వేం చెయ్యాలంటే నెలకోసారి శ్రుతిబాక్సు పెట్టుకుని ఒక చెవి మూసి విను, ఇంకోటి మూసి విను, పై షడ్జమం కూడా. తేడా వస్తే వెళ్ళు. మందుల వల్ల కూడా వస్తుంది, ఫిట్స్‌కిచ్చే కార్బమాజెపిన్ వాడే కొందరికి అన్నీ అర స్వరం దిగి వినపడతాయి, మందు ఆపితే మామూలవుతుంది, అలాగని డాక్టర్ని అడక్కుండా ఎవరూ ఆపకూడదు.

మీ పెదతాత కూర్చుని, వయొలిన్ గుండెకి ఆనించి వాయించేవారు. నువ్వు నిలబడి గడ్డం కింద పెట్టుకుంటావు, ఎడమ చెవి పక్కనే మోత. దానికి తోడు డ్రమ్స్, స్పీకర్లు. 85 డెసిబెల్స్ అయితే 8 గంటలు ఫర్వాలేదంట, అక్కణ్ణుంచి 3 పెరిగినప్పుడల్లా టైము సగమవుతుంది, 100కి వచ్చేసరికి 15 నిమిషాలే. ఫోన్లో యాప్ పెట్టి చూడు. మ్యూజిషియన్ల ఇయర్‌ప్లగ్స్ అని వేరే ఉంటాయి, అవే కొనుక్కో, మామూలు స్పాంజివి పై స్వరాలని ఎక్కువ మింగేస్తాయి. స్టేజీ మీద మీ వాయింపు మీకు వినపడేందుకు చెవిలో పెట్టుకునే మానిటర్ ఇస్తే రెండు చెవులకీ పెట్టుకో, ఒకటే పెట్టుకుంటే వినపడక సౌండు పెంచుతావు.

నాకూ చెవి మెషీన్ వచ్చింది కదా. మొదట్లో తంబూరా పెడితే శ్రుతి వణికేది, ఆగకుండా మోగే శ్రుతిని మెషీన్ తన సొంత కూతనుకుని కోసేస్తోందట! దెబ్బలాడి మ్యూజిక్ ప్రోగ్రాం వేరే పెట్టించుకున్నా, ఇప్పుడు నయం.

చేరే ముందే ఆడియోగ్రామ్, అంటే వినికిడి పరీక్ష గ్రాఫు, తీయించు, 8000 హెర్ట్జ్ దాకా రెండు చెవులకీ వేరువేరుగా, 4000 దగ్గర గుంట పడిందేమో అడుగు, మోత దెబ్బ ముందు అక్కడే కనపడుతుంది. ఆ గ్రాఫు ఫొటో నాకు పంపు, మీ అమ్మకి పంపావంటే కంగారు పడుతుంది. టెస్టుకీ ఇయర్‌ప్లగ్స్‌కీ డబ్బు ఇవాళే ఫోన్‌పే చేయిస్తా పక్కింటి అబ్బాయి చేత, దాంతో చీర కొనుక్కోకు.

మీ పెద్దమ్మమ్మ